పాలెగాడు, పల్ప్ ఫ్యాక్టరీ, పదహారో ఫారం

తిరుపతిలో కాపురముంటూ టీటీడీ డైరీలో నవలకు ఏడాది ప్రణాళిక రాసుకోవాలంటే కొంచెం పొగరుండాలి. తిథి, నక్షత్రం, ఏదో ఒక ఉత్సవం ముందే అచ్చయి ఉంటాయి. కింద మిగిలిన గీతల్లో ‘గంధర్వకోన రెండో భాగం, మాంత్రికుడి చావు’ అని రాస్తుంటే దేవుడి పెళ్ళి శుభలేఖ మీద చాకలిపద్దు రాసినట్టుంటుంది.

నేను జానపద ఫాంటసీ రాస్తాను. రాసి, నేనే అచ్చేయించి, నేనే అమ్ముకుంటాను. ఈ సీమకిది కొత్తేమీ కాదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన పుస్తకాలు తానే వేసుకుని మరీ జనం చేత చదివించారు. కాకపోతే ఆయన రాసింది మిట్టూరు మనుషుల గురించి. నాది తలకోన జలపాతం వెనకాల దాక్కున్న గంధర్వుల సంగతి. మూడు భాగాలు. మొదటి భాగం ప్రతులు కొన్ని పాఠకుల దగ్గరున్నాయి, తక్కినవి మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. అత్త వచ్చినప్పుడు కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి ఒక పెట్టె ముందుకు లాగుతారు.

అమెరికాలో బ్రాండన్ శాండర్సన్ అనే ఫాంటసీ రచయిత ఏటా డిసెంబరులో ఏది ఎంతవరకు రాశాడో, వచ్చే ఏడు ఏం రాస్తాడో పాఠకులకు లెక్క అప్పజెబుతాడు. 2022లో అయితే, కరోనా రోజుల్లో గుట్టుగా నాలుగు నవలలు రాసేశానని బయటపెట్టి, పాఠకుల దగ్గరే ముందుగా నాలుగు కోట్ల డాలర్లకు పైగా పోగుచేశాడు. ఆయన ప్రతిభను తక్కువ చేయను గానీ, ఆయన ఇంటికి దర్శనానికొచ్చే బంధువులు లేరు. అంత దూరమెందుకు, చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలుకొని పన్నెండు సీరియళ్ళు నెల తప్పకుండా నడిపారు, పేరైనా వేసుకోకుండా. నా మొదటి భాగం అట్ట మీద మాత్రం పుస్తకం పేరు కంటే నా పేరే లావుగా ఉంటుంది.

జనవరిలో మొదలుపెడదామనుకుంటాను. వైకుంఠ ఏకాదశి వెంట బంధువులొస్తారు. మూడొందల రూపాయల దర్శనం టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారని లోకమంతటికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు మా బంధువులై ఉంటారు. “తిరపతిలోనే ఉండావు, నీకు తెలిసినోళ్ళు లేకుండా ఉంటారా నాయనా?” అంటాడు మా చిన్నాయన. గంధర్వుల రాజ్యం నా చేతిలో ఉంది గానీ, ఒక సిఫారసు లెటరు లేదు.

మే నెలలో గంగజాతర. ఫాంటసీ రాసేవాడు ఈ ఊళ్ళో ఉండటం ఎంత దండగో అప్పుడు తెలుస్తుంది. ఊరిని చెరబట్టిన పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి లాగడానికి ఆమె రోజుకొక వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి. చివరికి దొర వేషంలో వస్తే వాడు నమ్మి బయటపడ్డాడు, తల తెగింది. కథ ఎంత బిగువుగా ఉందో చూడండి. నడుమ ఒక్క అధ్యాయం తీసేయడానికి లేదు. నా మాంత్రికుడు రూపం మార్చుకోవడానికి ముప్పై పేజీలు పట్టింది. మా వీధిలో బ్యాంకు గుమాస్తా ఒకాయన మొక్కుబడికి వాళ్ళావిడ పట్టుచీర కట్టి, సవరం పెట్టి, మీసాన్ని మాత్రం ఉంచుకుని, పది నిమిషాల్లో స్కూటరెక్కేశాడు. పైగా చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊరు దాటకూడదంటారు. నేనూ రెండో భాగం ‘త్వరలో’ అని చాటింపు వేసినవాణ్ణే, ఒక్కడూ ఆగలేదు.

జూన్, జూలై మామిడిది. చిత్తూరు దగ్గర మా మామకు తోతాపురి తోట ఉంది. కాయ కోశాక పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో పడిగాపులు పడాలి. “అల్లుడూ, ఊరికే రాసుకుంటా ఉంటావు గదా, ఆడ కూర్చోని రాసుకో” అని నన్ను ట్రాక్టరెక్కిస్తాడు. ఏడాది మొత్తమ్మీద నేను నికరంగా రాసేది అక్కడే. మొదటి భాగంలో కోట ముట్టడి చాలా సహజంగా ఉందని మెచ్చుకున్నారు. ఉండదా మరి? కదలని సైన్యం, పండిపోతున్న సరుకు, తలుపు తెరవని ద్వారపాలకుడు.

ఇక అచ్చు. ప్రెస్సులో పుస్తకాన్ని పదహారు పేజీల ఫారాల లెక్కన చూస్తారు, కథ లెక్కన కాదు. నాది 243 పేజీలు వచ్చింది. “మూడు పేజీలు పెరికేసెయ్ సార్, పదహైదు ఫారాలకు సరిపోతాది. లేదా ఇంకో పదమూడు రాయి, పదహారో ఫారం నిండుతుంది” అన్నాడు డీటీపీ అబ్బాయి. ఆ మూడు పేజీల్లోనే రాక్షసుడు చచ్చేది. వాణ్ణి బతకనిచ్చేంత ఔదార్యం లేక పదమూడు పేజీలు పెంచాను, అందులో రెండు పేజీలు పటం. యూనికోడ్ నుంచి అను ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోయాయి. ప్రూఫులో కథంతా దిద్దుకున్నాను. మాంత్రికుడి మంత్రాలు చెదిరినట్టే వదిలేశాను, ఇంకా గంభీరంగా ఉన్నాయి.

ఖర్చు చూసి చిన్నాయన ఉపాయం చెప్పాడు. ధార్మిక గ్రంథాలు అచ్చేసుకోవడానికి టీటీడీ ఆర్థిక సాయం చేస్తుంది. “మాంత్రికుణ్ణి ఆఖర్లో భక్తుణ్ణి చేసెయ్, ఏం పోతాది?” వాడు మొదటి భాగంలోనే పదిమందిని బలిచ్చాడని చెప్పాను. “వాల్మీకి?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ ఏడు దసరాకు రెండో భాగం ఖాయమన్నాను. దసరా అంటే బ్రహ్మోత్సవాలు, మళ్ళీ బంధువులు అని మా ఆవిడ గుర్తుచేసి, “అట్లయితే కాణిపాకం పోదాం రాండి, వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యండి” అంది. చిత్తూరు జిల్లాలో పుట్టినవాడెవడూ ఈ మాటను తేలిగ్గా తీసుకోడు. అప్పు ఎగ్గొట్టినవాడు కూడా కాణిపాకం అనగానే నోరు తడారి పద్దు ఒప్పుకుంటాడు. మాట మళ్ళిద్దామని అక్కడి బాహుదా నది కథ ఎత్తుకున్నాను. ఆకలికి తాళలేక లిఖితుడు రాజుగారి తోటలో మామిడిపండు కోసుకుతిన్నాడు, రాజు చేతులు నరికించాడు, ఏట్లో మునిగితే మళ్ళీ మొలిచాయి.

“ఆయనకు పోయిన చేతులు వచ్చినాయి సరే” అంది, తాళంచెవి చేతిలో పెడుతూ. “మీకు ఉండేవాటికి ఏమొచ్చింది? ఎక్కండి కారు.”