చాక్లెట్ గ్రానోలా అనే పథ్యం

చదువుకున్న తెలుగు ఇళ్లలో చక్కెర వాడకం పూర్తిగా మానేశారు. కొండాపూర్‌లో ఏ ఫ్లాటు తలుపు తట్టినా, డాలస్ చుట్టుపక్కల ఏ మనవాళ్లింటికి భోజనానికి వెళ్లినా ఇదే మాట. “మేం షుగర్‌ని ఇంట్లోకే రానివ్వం వదినా.” ఆ వెంటనే ఒక గాజు సీసా వస్తుంది. అందులో నల్లగా, నిగనిగలాడుతూ, కరకరలాడే ఉండలు. “చాక్లెట్ గ్రానోలా. ఇంట్లోనే చేశా. సాయంత్రం పిల్లలకి ఇదే స్నాక్. అంతా హెల్దీనే!” వదినగారు ఒక ఉండ నోట్లో వేసుకుంటారు. తియ్యగా ఉంటుంది. చక్కెర లేని ఇంట్లో ఇంత తీపి ఎక్కడిదని అడగడం మర్యాద కాదు గనక, ఇంకో గుప్పెడు తీసుకుంటారు.

వదినగారు అడగలేదు గనక నేను చెబుతాను. మూడు కప్పుల రోల్డ్ ఓట్స్, కప్పు బాదం, అర కప్పు కోకో పొడి, అర కప్పు కొబ్బరినూనె, అర కప్పు తేనె, చల్లారాక అర కప్పు చాక్లెట్ చిప్స్. ఊళ్లో తిరుగుతున్న లెక్క అటూ ఇటూగా ఇదే. అర కప్పు తేనె అంటే 170 గ్రాములు. అందులో 140 గ్రాముల దాకా చక్కెరే. చిప్స్ పుణ్యమా అని మరో 40 పైచిలుకు. అంతా అయ్యాక తూకం వేస్తే 800 గ్రాములు కూడా తేలదు. అంటే 100 గ్రాముల ఆరోగ్యంలో సుమారు 480 కేలరీలు, 23 గ్రాముల చక్కెర. ఈ లెక్కకి ఏ మిఠాయి కొట్టు లడ్డూ ముందూ తల దించుకోనక్కర్లేదు.

“తేనె సహజం కదండీ” అంటారు. సహజమే. చెరకు మాత్రం ఫ్యాక్టరీలో పుట్టిందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెనీ, సిరప్‌లనీ పంచదార సరసనే కూర్చోబెట్టింది. అన్నీ కలిపి రోజు కేలరీల్లో పది శాతం దాటకూడదని, ఐదు శాతానికి తగ్గిస్తే ఇంకా మేలని చెప్పింది. పెద్దవాళ్లకైతే ఆ ఐదు శాతం రోజుకి పాతిక గ్రాములు. సాయంత్రం సీరియల్ అయ్యేలోపు ఒక్క సీసా, రెండు చేతులతో ఆ హద్దు చేరిపోవచ్చు.

తయారీ దగ్గర నిలబడి చూస్తే గుట్టంతా బయటపడుతుంది. మామూలు గ్రానోలా అయితే రంగు చూసి దించొచ్చు. కోకో కలిపింది ముందే నల్లగా ఉంటుంది గనక వేగిందో మాడిందో కంటికి తెలియదు, ముక్కే దిక్కు. వేడి మీద మెత్తగా ఉండి, చల్లారితేగానీ కరకరలాడదు. ఇది తెలియనివాళ్లు ఇంకో పది నిమిషాలు ఓవెన్ లోపలే ఉంచి చేదు చేసుకుంటారు. తెలిసినవాళ్లు ట్రేలో గరిటెతో అదిమి, కదపకుండా చల్లార్చి, పెద్ద పెద్ద ఉండలుగా విరుచుకుంటారు. ఆ ఉండల్ని పట్టి ఉంచుతున్నదేమిటి? ఓట్స్ గింజలకి ఒకదానిపై ఒకటికున్న అనురాగం కాదు. పాకం! ఉండ ఎంత పెద్దదైతే పాకం అంత బాగా కుదిరిందన్నమాట. సీసాలో చెయ్యి పెట్టిన ప్రతివాడూ ఆ ఉండల్నే ఏరుకుంటాడు. అడుగున మిగిలిన పొడి ఓట్స్ ఎవరికీ అక్కర్లేదు. ఆరోగ్యం కోసం తినేవాళ్లు ఆరోగ్యాన్ని అడుగున వదిలేసి పాకాన్ని ఏరుకోవడం చూడముచ్చటగా ఉంటుంది.

తర్వాతి వాదన ఓట్స్. కొలెస్ట్రాల్ తగ్గిస్తాయి. నిజమే, ఓట్స్‌లోని బీటా గ్లూకన్ అనే పీచు ఆ పని చేస్తుంది. రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకన్ అందితే మేలని చెప్పుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లోనే అనుమతి ఇచ్చింది. సంతృప్త కొవ్వు తక్కువున్న ఆహారంలో భాగంగా తింటేనే అని షరతు కూడా పెట్టింది. ఆ 3 గ్రాములకి 75 గ్రాముల ఓట్స్ కావాలి. మన సీసాలోంచి అన్ని ఓట్స్ రావాలంటే 200 గ్రాములకి పైగా గ్రానోలా తినాలి. వెయ్యి కేలరీలు, 50 గ్రాముల చక్కెర దాంతోపాటే లోపలికి వెళ్తాయి. ఇక కొబ్బరినూనెలో ఎనభై శాతానికి పైగా సంతృప్త కొవ్వే. అది చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. తగ్గించేదాన్నీ పెంచేదాన్నీ ఒకే ట్రేలో కలిపి వేయించి, ఫలితం కోసం లిపిడ్ ప్రొఫైల్ చేయించుకునే ఓపిక మనవాళ్లకే ఉంది.

చాక్లెట్‌లో యాంటీ ఆక్సిడెంట్లుంటాయన్నది మూడో వాదన. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడలో కాసే కోకో గింజలో ఫ్లావనాల్స్ పుష్కలం, కాదనను. కానీ ఆ గింజని పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, చేదూ పులుపూ పోవడానికి క్షారంతో శుద్ధి చేసి ముదురు రంగు తెప్పించేసరికి వాటిలో పెద్ద భాగం హరీమంటుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో “ఎసిడిటీ రెగ్యులేటర్” అని ఉంటే మీది ఆ బాపతే. ఇక చవగ్గా వస్తుందని బేకింగ్ సామాన్ల కొట్లో కొనే కాంపౌండ్ దిమ్మల్లో కోకో వెన్న బదులు వేరే వంట కొవ్వు పోస్తారు. అందులో యాంటీ ఆక్సిడెంట్లు వెతకడానికి భూతద్దం కూడా చాలదు.

ఆఖరి బ్రహ్మాస్త్రం: “ఇంట్లో చేసిందండీ, ప్రిజర్వేటివ్స్ లేవు.” తడి లేని సరుకు బూజు పట్టదు. దుకాణం గ్రానోలాకి కూడా వాటితో పెద్దగా పనిలేదు. లేని శత్రువుని ఓడించినందుకు ఇంత ఊరేగింపా? మన గడప దాటేటప్పుడు కేలరీలు చెప్పులతోపాటు తమ బలాన్నీ బయట విడిచి వస్తాయని కాబోలు ఈ నమ్మకం. ఇంటి వంటకి అంత మహిమే ఉంటే, ఇంట్లో చేసిన మైసూర్‌పాక్‌ని మందుల చీటీ మీద రాయొచ్చు.

ఈ పదార్థం పుట్టుక తెలిస్తే నవ్వాగదు. 1863లో న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్‌లో, జేమ్స్ కేలెబ్ జాక్సన్ అనే వైద్యుడు తన జల చికిత్సాలయంలో రోగుల కోసం పొట్టు తీయని గోధుమపిండి ముద్దని కాల్చి, విరిచి, మళ్లీ కాల్చి ‘గ్రాన్యూలా’ అన్నాడు. రాత్రంతా పాలలో నానితేగానీ పంటికి లొంగేది కాదు. మిషిగన్‌లో బ్యాటిల్ క్రీక్ డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్ అలాంటిదే చేసి అదే పేరు పెట్టి, గొడవయ్యాక ‘గ్రానోలా’గా మార్చుకున్నాడు. ఆయనకి కాఫీ, టీ, మసాలా, మాంసం అన్నీ నిషిద్ధం. రుచి పెరిగితే కోరికలు రేగుతాయని ఆయన భయం. అలాంటి మనిషి సృష్టిలో 1960ల హిప్పీలు తేనె, నూనె కలిపారు, ఆ తర్వాతివాళ్లు చాక్లెట్ దట్టించారు. రుచి మారిపోయింది, ఆసుపత్రి నాటి పరువు మాత్రం చెక్కుచెదరలేదు. 2016లో న్యూయార్క్ టైమ్స్ అడిగితే గ్రానోలా బార్ ఆరోగ్యకరమన్నవాళ్లు అమెరికన్ జనంలో 71 శాతం, పోషకాహార నిపుణుల్లో 28 శాతం.

ఇంతదాకా చదివి “అందుకే మన సున్నుండలే మేలు” అని మీసం దువ్వుతున్న స్వదేశీ వర్గానికి కూడా ఒక మాట. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. నెయ్యిలో కూడా ఎక్కువ భాగం సంతృప్త కొవ్వే. తేడా తిండిలో లేదు, తినే పద్ధతిలో ఉంది. సున్నుండ తినేవాడికి స్వీటు తింటున్నానన్న స్పృహ ఉంటుంది. రెండోదానికి చెయ్యి చాచేముందు ఇంట్లోవాళ్ల ముఖం చూస్తాడు. గ్రానోలా తినేవాడికి ఆ జంకు లేదు. పెరుగులో కలుపుకుంటాడు, కారులో పెట్టుకుంటాడు, రాత్రి పదకొండింటికి అలమర ముందు నిలబడి పథ్యం పాటిస్తాడు. ఇంట్లోవాళ్లు కూడా ఏమీ అనరు, మెచ్చుకుంటారు!

రుచి గురించి నాకే పేచీ లేదు. చేయండి, తినండి, వదినగారికీ పెట్టండి. పిల్లల డబ్బాలో పోసేముందు మాత్రం వంటింటి తక్కెడ మీద తూచి, వాళ్లతో “ఇది స్వీటు, ఈ పూటకి ఇంతే” అని చెప్పండి. అంత మాట చెప్పడానికి నోరు రాకపోతే, వాళ్లు రేపు లడ్డూ అడిగినప్పుడు “పళ్లు పాడైపోతాయిరా” అనే హక్కు కూడా వదులుకోండి.