జతపరచి పెట్టండి

రికార్డు గదిలో రిజిస్టరొకటి కనపడకుండా పోయింది. దాంతోపాటు సూరిబాబు రెండు ఇంక్రిమెంట్లూ పోయాయి, అదీ కుమ్యులేటివ్ ఎఫెక్ట్‌తో. అంటే రిటైరయ్యేదాకా జీతంలోనూ, ఆ తర్వాత పెన్షన్‌లోనూ ఆ కోత వదలదు. రిజిస్టరు పోయేనాటికి అసలు ఆ సీట్లో తానే లేనని 1996 మార్చిలో కమిషనరుకు అప్పీలు పెట్టుకున్నాడు. మూడు నెలల గడువు దాటకుండానే పెట్టాడు.

మే నెలకే ఓపిక నశించి, హైదరాబాదులో ఓ లాయరు దగ్గరికి వెళ్లాడు.

"అప్పుడే ట్రిబ్యునల్ ఏమిటయ్యా? 1985 నాటి ట్రిబ్యునళ్ల చట్టంలో ఇరవయ్యో సెక్షనుంది. మీ శాఖలో అప్పీలు తేలాలి. లేదంటే అప్పీలు పెట్టి ఆరు నెలలైనా ఉలుకూ పలుకూ లేకుండా ఉండాలి. అంతదాకా మామూలుగా కేసు తీసుకోరు. సెప్టెంబరు దాటాక రా" అన్నాడాయన.

సెప్టెంబరు దాటింది. సూరిబాబు ప్రయాణానికి సిద్ధమయ్యాడు. అడ్డుపడినవాడు బాబాయి. వరసకు బాబాయి, ఉద్యోగానికి కమిషనరాఫీసులో సూపరింటెండెంటు. అప్పీలు ఫైలు ఆయన సెక్షన్లోనే ఉంది.

"ఒరే, కోర్టుకెక్కావంటే పైవాళ్లకు కంటగింపవుతావు. ఫైలు కదులుతోంది. ఒక రిమైండరు పడేయ్. నేనే రాసిస్తాను."

ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాడు కూడా. ఆ తర్వాత సంక్రాంతికొకటి, ఉగాదికొకటి, కమిషనరు మారినప్పుడల్లా ఒకటి. ప్రతిదాని నకలు మీదా 'అందినది' ముద్ర వేయించుకుని సూరిబాబు పదిలంగా దాచుకున్నాడు. ఈలోగా జూనియర్లు ప్రమోషన్లు పట్టుకుపోయారు.

2003లో ఆ కట్టంతా తెచ్చి లాయరు బల్ల మీద పెట్టాడు.

"చూడండి సార్, ఒక్క ఏడాది కూడా ఊరుకోలేదు."

లాయరు కాగితాలు తిరగేయలేదు. మొదటి తేదీ మాత్రం చూశాడు.

"ఆరు నెలలు వాళ్లు నోరు విప్పకపోతే చట్టం దృష్టిలో అదే నీకు తలుపు తీసినట్టు. ఆ తలుపు ఏడాదే తెరిచి ఉంటుంది. నీది 1997 సెప్టెంబరుతో మూతపడింది. 1989లో రాథోర్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి తేల్చి చెప్పింది. రూల్సులో ఉన్న అప్పీలుకే లెక్క. ఆపైన నువ్వు బండెడు అర్జీలు పెట్టుకున్నా గడువు ఒక్కరోజు కూడా పెరగదు. ఆలస్యం మన్నించమని అడుగుదాం. కానీ ఏం కారణం చూపిస్తాం?"

"రిమైండర్లు పెడుతున్నానుగా సార్!"

"అది కారణం కాదయ్యా. అదే జబ్బు."

ట్రిబ్యునల్ కూడా అదే మాట కాస్త మర్యాదగా చెప్పి కేసు కొట్టేసింది.

సమాచార హక్కు చట్టం వచ్చాక, 2006లో సూరిబాబు తన అప్పీలు ఫైలు నకళ్లు అడిగి తీసుకున్నాడు. 1996 ఆగస్టు నాటి నోటు చూసి కళ్లు నులుముకున్నాడు. 'ఆరోపణకు ఆధారం లేదు. శిక్ష రద్దు చేయవచ్చు. ముసాయిదా ఉత్తర్వు సంతకానికై సమర్పించడమైనది.'

దాని కింద అక్టోబరు నోటు: 'అప్పీలుదారు నుండి మరొక వినతిపత్రం అందినది. దీనిని కూడా పరిశీలించి, జతపరచి పెట్టండి.'

తర్వాతి పేజీలోనూ అదే. ఆపై పేజీలోనూ అదే. సంతకం దాకా వెళ్లిన ఉత్తర్వు రిమైండరు వచ్చినప్పుడల్లా కింది సెక్షనుకు దిగివచ్చింది. చిట్టచివరి నోటు: 'ట్రిబ్యునల్ కేసును కొట్టివేసినందున తదుపరి చర్య అవసరం లేదు. ఫైలు మూసివేయడమైనది.'

అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలే.

ముందటేడు రిటైరైన బాబాయి పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. సూరిబాబు నకళ్లు ఆయన ఒళ్లో పెట్టాడు.

"రిమైండరు రాసిచ్చిందీ నువ్వే, ఫైలు వెనక్కి తిప్పిందీ నువ్వేనా బాబాయ్?"

బాబాయి కళ్లజోడు సర్దుకుని, తొణక్కుండా చెప్పాడు.

"రాసిచ్చింది బాబాయిగానురా. తిప్పింది సూపరింటెండెంటుగా. వచ్చిన కాగితం చూడకుండా ఫైలు పైకి పంపాడని రేపెవరైనా నన్ను వేలెత్తి చూపితే? అది సరేగానీ, ఆ లాయరు ఫోన్ నంబరు నీ దగ్గరుందా? నా గ్రాట్యుటీలో కోత పెట్టారు. అప్పీలు పెట్టి నిన్నటికి సరిగ్గా ఆరు నెలలు. రేపే ట్రిబ్యునల్లో వేసేస్తున్నా."

"మరి రిమైండరు పెట్టలేదా బాబాయ్?"

"నాకేమన్నా పిచ్చా!"