మోకాలినొప్పి పోషణ: నేపర్‌విల్ పద్ధతి

మోకాలినొప్పిని తగ్గించుకునే మార్గాలను వివరించే గ్రంథాలు అనేకం ఉన్నప్పటికీ, ఉన్న నొప్పిని చెక్కుచెదరకుండా కాపాడుకుని, వీలైతే వృద్ధి చేసుకునే విధానాన్ని నిర్దేశించిన రచన అరుదు. షికాగోకు పశ్చిమాన ఉన్న నేపర్‌విల్‌లో, పిల్లల వద్ద ఆరు నెలలు గడపడానికి వచ్చే తెలుగు తల్లిదండ్రుల విషయంలో ఈ విధానం ఎవరూ నేర్పకుండానే అమలులో ఉన్నందున దానిని క్రోడీకరించడం సులభం.

ఇక్కడ ప్రస్తావించే వ్యాధి ఆస్టియో ఆర్థరైటిస్, అంటే ఇళ్లలో ‘గుజ్జు అరిగింది’ అని చెప్పుకునే కీళ్ల అరుగుదల. రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్లపైనే దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్, యూరిక్ ఆమ్లం స్ఫటికాలై కీళ్లలో పేరుకునే గౌట్ దీనికి భిన్నమైనవి, వాటి చికిత్సలూ వేరు. సాధకులు మాత్రం మూడింటినీ ‘వాతం’లో కలిపివేసి, మూడింటికీ ఒకే తైలం రాయాలి. ఎముకల కొసలను కప్పి ఉంచే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలుపై భారం పడుతూ తొలగుతూ ఉన్నప్పుడు లోపలి ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. కనుక మొదట అరికట్టవలసినది కదలికను.

ఇందుకు ప్రేమను మించిన సాధనం లేదు. అత్తగారు మంచినీళ్ల కోసం లేవబోయినప్పుడల్లా “మీరు కూర్చోండి అత్తయ్యా, నేను తెస్తాను” అని కోడలూ, “అమ్మా, నువ్వు మెట్లు దిగకు” అని కొడుకూ వారించాలి. తొడ ముందుభాగాన ఉండి మోకాలికి దన్నుగా నిలిచే క్వాడ్రిసెప్స్ కండరం పని లేకపోతే కొద్ది వారాలలోనే బలహీనపడుతుంది. దాని వల్ల నొప్పి, నొప్పి వల్ల మరింత విశ్రాంతి, విశ్రాంతి వల్ల మరింత బలహీనత, ఇలా ఒకసారి మొదలైతే ఇంటివారు అదనంగా చేయవలసినది ఏమీ ఉండదు. ఊళ్లో పాలకూ, కూరగాయలకూ, గుడికీ నడిచివెళ్లిన మనిషిని కారు లేనిదే ఎక్కడికీ పోలేని ఇంట్లో సోఫాపై కూర్చోబెట్టి తెలుగు సీరియళ్లు పెట్టాలి. అయితే, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, పడుకుని మోకాలు వంచకుండా కాలెత్తి కొన్ని క్షణాలు నిలపడం వంటి అభ్యాసాలు ప్రకటనల విరామంలోనే పూర్తయ్యే ప్రమాదం ఉన్నందున, ప్రకటనలు రాని చందా కట్టడం శ్రేయస్కరం.

నేపర్‌విల్ నగరం ఈ సాధనకు కొన్ని ఆటంకాలు కల్పించిన మాట వాస్తవమే. 1831లో జోసెఫ్ నేపర్ నెలకొల్పిన ఈ ఊరికి నూట యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1981లో డ్యూపేజ్ నది ఒడ్డున రివర్‌వాక్ అనే ఇటుకల నడకదారి ఏర్పడింది. ఆ చేరువలోనే, రాళ్లు తవ్విన పాత క్వారీని ఈతకొలనుగా మార్చిన సెంటెనియల్ బీచ్ ఉంది. నడుము లోతు నీటిలో కీళ్లపై శరీరభారం సుమారు సగానికి తగ్గుతుంది కనుక ఈత రానివారు సైతం అక్కడ హాయిగా నడవవచ్చు. అది వేసవికే పరిమితం కావడం ఒక ఊరట. మంచు కురిసే నెలల్లోనైనా నిశ్చింతగా ఉందామంటే, 2016లో తెరిచిన ఫోర్ట్ హిల్ కేంద్రంలో పైకప్పు కింద నడక ట్రాక్ పెట్టారు. ఇవి చూపక తప్పకపోతే ఒక్కసారి తీసుకువెళ్లి, ఫొటోలు తీసి, వెంటనే ఇంటికి చేర్చాలి. పక్క ఊరైన అరోరాలోని బాలాజీ ఆలయంలో ప్రదక్షిణలను మూడు దాటనివ్వకుండా ప్రసాదం వైపు మళ్లించడమూ ఈ కోవలోనిదే.

అధిక బరువుతో పాటు మోకాలి అరుగుదల ఉన్న పెద్దవారు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలిపై పడే భారం నాలుగు కిలోల మేర తగ్గుతుందని 2005లో వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. ఈ లెక్కను తిరగేసి చదువుకున్నవారికి వారాంతపు పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చే విందు, విలువ బోధపడుతుంది. సీమంతమైనా సత్యనారాయణ వ్రతమైనా అల్యూమినియం ట్రేలలో పులిహోర, బగారా అన్నం, గులాబ్‌జామ్ బారులు తీరుతాయి. మిగిలినవి డబ్బాల్లో ఇంటికి వచ్చి బుధవారం వరకూ సేవలందిస్తాయి. పథ్యం పాటించామన్న తృప్తి కోసం వంకాయ, చింతపండు, పెరుగు మానేస్తే చాలు: అరుగుదలకు వాటితో సంబంధం ఉందనడానికి ఆధారం లేదు కాబట్టి మానినా నొప్పికి ఏ హానీ జరగదు, గులాబ్‌జామ్‌కు చోటూ మిగులుతుంది. ఎత్తుకు తగిన బరువును సూచించే బీఎంఐని చూసుకునేటప్పుడు, భారతీయులకు 23 నుంచే అధిక బరువుగా పరిగణించాలన్న 2009 నాటి భారతీయ నిపుణుల మాటను పక్కనపెట్టి, 25 దాకా వెసులుబాటునిచ్చే అమెరికా పట్టికనే ఆశ్రయించాలి. ఆహార నియంత్రణ, వ్యాయామం రెండూ కలిపి చేసినవారికి, ఏదో ఒక్కటే చేసినవారికంటే నొప్పి బాగా తగ్గిందని అదే విశ్వవిద్యాలయం 454 మందిని పద్దెనిమిది నెలలు గమనించి 2013లో ప్రకటించింది కనుక, రెంటినీ ఎన్నడూ కలవనివ్వరాదు.

ఇక మందుల సంగతి. మోకాలి అరుగుదలకు గ్లూకోసమైన్ వాడవద్దని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలలో గట్టిగానే సూచించింది; అయినా కాస్ట్‌కోలో పెద్ద సీసాలు కొని, ఊళ్లోని బంధువులకు కూడా పెట్టెలో సర్దడం మర్యాద. తిరుగు ప్రయాణానికి ఓహేర్ విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కోరడం మరువరాదు: వచ్చేటప్పుడు భాష రాదనీ, దారి తప్పుతారనీ మాత్రమే అడిగిన ఆ కుర్చీ వెళ్లేటప్పుడు నిజంగానే అవసరపడితే సాధన ఫలించినట్టే.