మబ్బులు తీసిన యాషికా

ఇది ఒక యాషికా మ్యాట్ 124జి కెమెరా ఆత్మకథ. పుట్టింది జపాన్‌లో, బతుకంతా పొన్నూరులో. స్టూడియో కెమెరా పని ఎదుటివాళ్లను చూడటమే కాబట్టి ‘నేను’ అనుకోవడం దానికి అలవాటు కాలేదు. తన కథను కూడా ఇంకెవరి కథో చెబుతున్నట్టే చెప్పుకుంటుంది.

యాషికా కంపెనీ ఈ రకాన్ని 1970లో తెచ్చింది. ముందువైపు ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులు. పైది చూడటానికి, కిందిది ఫిల్ముకు. 120 ఫిల్ము రోలు వేస్తే 12 చదరపు ఫొటోలు వస్తాయి. తెలుగు ఊళ్లలో ఎన్నో పెళ్లిళ్లను ఇలాంటి రెండు లెన్సుల కెమెరాలే తీశాయి. ఈ యాషికా కూడా తలంబ్రాలు, ఓణీల ఫంక్షన్లు, పదో తరగతి గ్రూపు ఫొటోలు తీసి యజమాని ఇంటికి బియ్యం తెచ్చింది. ఆ పనంటే దానికి గౌరవం. దాని ప్రాణం మాత్రం ముహూర్తాలు లేని రోజుల్లో ఉండేది. అప్పుడు యజమాని దాన్ని మెడకు తగిలించుకుని సైకిలెక్కి చేలవైపు వెళ్లేవాడు.

పైమూత తెరిచి, తల వంచి, లోపలి గాజుతెరలోకి చూడాలి. ఆ తెర మీద కుడి ఎడమలు తారుమారు. ట్రాక్టరు దమ్ము చేస్తుంటే వెనకాలే తెల్లకొంగలు వాలతాయి, చక్రాలు తిరగేసిన బురదలో పురుగుల కోసం. ఒక కొంగ కుడివైపు లేచిందంటే తెర మీద ఎడమవైపు ఎగురుతుంది. కళ్లను నమ్మి కెమెరా అటు తిప్పితే పక్షి అంచు దాటిపోతుంది. చూపు ఒకవైపు లాగుతున్నా చేయి రెండోవైపు వెళ్లాలి. అది చేతికి వచ్చేదాకా యజమాని ఖాళీ బురదనే చాలాసార్లు తీశాడు.

పొన్నూరు చుట్టుపక్కల కొండ లేదు. కొండ చూడాలంటే మంగళగిరో కొండవీడో పోవాలి. ఇక్కడున్నది కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణి, పంటబోదెలు, గట్ల మీద తాడిచెట్లు. మిగిలిందంతా ఆకాశమే. అందుకే ఈ కెమెరా తీసిన పొలాల ఫొటోల్లో నేల అడుగున సన్నటి పట్టీలా ఉంటుంది, పైనంతా మబ్బులు. నలుపు తెలుపు ఫిల్ము మీద మబ్బు పట్టుబడటం తేలిక కాదు. ఆకాశపు నీలం ఫిల్ము మీద తెల్లగా పడి, తెల్లమబ్బు అందులో కలిసిపోతుంది. లెన్సుకు యెల్లో ఫిల్టరు తగిలిస్తే అది నీలి వెలుగును కొంత ఆపుతుంది, ఆకాశం ముదురుతుంది, మబ్బు అంచులతో సహా బయటపడుతుంది. గట్టు మీద నడిచే రైతు ఒకాయన ఓసారి ఆగి, “ఏం బాబాయ్, మబ్బుకు కూడా ఫొటోనా?” అని అడిగాడు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1920లలో ఏళ్ల తరబడి మబ్బులనే తీశాడని యజమాని చెబితే, ఆయన కండువా దులుపుకుని పైకి చూశాడు.

అంత దూరం పోనక్కర్లేదు. పొన్నూరుకు ఉత్తరాన, దుగ్గిరాల పక్కన తుమ్మపూడి ఉంది. సంజీవదేవ్ ఊరు. 1914లో పుట్టి 1999లో పోయిన ఆ మనిషి కవిత రాశాడు, బొమ్మ వేశాడు, ఫొటో తీశాడు, దేశమంతటికీ ఉత్తరాలు రాశాడు. యవ్వనంలో హిమాలయాల్లో తిరిగాడు. ఆ కొండలను చిత్రించిన రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్‌తో ఆయనకు పరిచయం. అలాంటివాడు తిరిగొచ్చి తుమ్మపూడిలో స్థిరపడ్డాడు. తన స్వీయచరిత్రకు కూడా ‘తుమ్మపూడి’ అనే పేరు. మంచుకొండలు చూసిన కళ్లకు మన వరిచేలు ఆనతాయా అనేవాళ్లకు ఆయన బతికిన తీరే జవాబు. ఈ కెమెరా ఆయన్ను ఎప్పుడూ తీయలేదు. ఆ లోటు దానికి ఉంది.

పూల దగ్గరికి వస్తే కెమెరాకు తన హద్దు తెలిసింది. మీటరు కంటే దగ్గరికి వెళితే దీనికి ఫోకస్ కుదరదు. క్లోజప్ లెన్సు బిగించి బోదెలోని కలువను తీయబోతే ఇంకో చిక్కు: పై లెన్సు చూసేదొకటి, కింది లెన్సు తీసేదొకటి. గాజుతెరలో నిండుగా కనిపించిన కలువకు ప్రింటులో పై రేకులు తెగిపోయాయి. అదే పువ్వులోకి కవి నేరుగా వెళ్లగలడు. కొమ్మూరులో 1912లో పుట్టిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’లో పూజకు పూలు కోయబోయిన మనిషితో పూలే మాట్లాడతాయి. ఘంటసాల గొంతులో ఆ పద్యాలు రేడియోలో వచ్చినప్పుడు స్టూడియోలో అందరూ పని ఆపేవాళ్లు. ఆ తర్వాత యజమాని పువ్వును ఎప్పుడూ చెట్టునుంచి తెంపి బల్లమీద పెట్టి తీయలేదు. వాన వచ్చినా, ఎండ మారినా, చెట్టు దగ్గరే నిలబడ్డాడు.

ఆకాశం అందమే అనుకుంటే ఈ నేల ఒప్పుకోదు. 1977 నవంబరు 19న ఇదే ఆకాశం కింద తుఫాను, ఉప్పెన దివిసీమను ముంచాయి. బాపట్ల, రేపల్లె వైపు కూడా ఊళ్లు దెబ్బతిన్నాయి. ఇప్పటికీ నవంబరులో తూర్పున నల్లమబ్బు కడితే కోతకొచ్చిన వరి ఉన్నవాళ్లకు నిద్ర పట్టదు. ఆ మబ్బును తీసేవాడికి ఆ భయం తెలియాలి. తెలిసి తీసిన ఫొటోలో అది కనిపిస్తుందని ఈ కెమెరా నమ్మకం.

ఈ సముద్రపు గాలి చెమ్మకు లెన్సులో బూజు పట్టి ఒకసారి శుభ్రం చేయించాల్సి వచ్చింది. లైటు మీటరుకు కావలసిన పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు. సూర్యలంక తీరంలో సాయంత్రాలను సెల్‌ఫోన్లు తీస్తున్నాయి, ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులను పొడవాటి లెన్సులు తీస్తున్నాయి. యజమాని మనవడు పాత నెగటివ్‌లను ఒక్కొక్కటే స్కాన్ చేస్తున్నాడు. ప్రతి కవరు మీద నెల, వేళ, ఫిల్టరు రాసి ఉన్నాయి. ఈ మధ్య వాడు ఫోన్‌లో వెలుగు కొలుచుకుని, యాషికాలో కొత్త రోలు వేసి, నాట్లప్పుడు చేలకు తీసుకెళ్లాడు. కవరు మీద తాత రాసినట్టే తనూ రాశాడు: ఆగస్టు, పొద్దున ఏడు, యెల్లో.