జీతము కొనువారు

లోకమున పనిచేసినవాడు జీతము పుచ్చుకొనుటయు, పని చేయించుకొన్నవాడు జీతమిచ్చుటయు అనాదిగా వచ్చుచున్న యొక మోటు ఆచారము. దీనిని సంస్కరించి, పనిచేయువాడే యజమానికి ముందుగా సొమ్ము ముట్టజెప్పి, పిదప ఆ సొమ్మునే నెలనెలా జీతమను పేర తిరిగి పుచ్చుకొని, దానిపై పన్ను కూడ తానే చెల్లించి, జన్మ తరించినదని కన్నులొత్తుకొను విశిష్ట పద్ధతిని కనుగొన్న కీర్తి మన కాలమునకే దక్కినది. కెనడా దేశమున ఏదేని యొక ప్రావిన్సులో ఒక యజమాని మనవానికి కొలువు చూపును. ఆ కొలువును చూచి ప్రావిన్సు వానిని నామినేటు చేయును. ఆ నామినేషనును చూచి ఒట్టావాలోని కేంద్రప్రభుత్వము శాశ్వత నివాసమును, అనగా ఊరూర పెండ్లిళ్ల పేరయ్యల నోట నానుచున్న పి.ఆర్.ను, ప్రసాదించును. మెట్లు మూడు. మొదటి మెట్టునకు కాపలాదారు యజమాని. ఆ కాపలాదారుని దర్శనము చేయించువాడు విజయవాడ బెంజిసర్కిలులోనో హైదరాబాదు అమీరుపేటలోనో అద్దాలగదిలో కొలువుదీరిన కన్సల్టెంటుగారు.

ఎన్.టి.ఆర్. జిల్లాలో తిరువూరునకు చేరువనున్న గంపలగూడెపు రైతు అమాయకుడని ఎవరైన ననుకొన్నచో, వారు ఆయనతో ఎన్నడును బేరమాడి యెరుగరన్నమాట. కట్టలేటి వరదను, సాగరు ఎడమకాలువ చివరిభూములకు వేళకు రాని నీటిని, మామిడిపూతను మాడ్చు మంచును చూచి చూచి ఆయన యెవ్వరి మాటను ఊరక నమ్మడు. మిరపకాయల కాటాలో తరుగు పేర ఒక్క కిలో అధికముగా తీసినను యార్డు దద్దరిల్లునట్లు వాదించును. కాడియెద్దును కొనవలసివచ్చినచో పండ్లు చూచి, నడిపించి, నలుగురినడిగి, అప్పటికిని బయానా మాత్రమే యిచ్చి వచ్చును. అట్టివాడు, కుమారుని కెనడా ప్రయాణమనగానే, తానెన్నడును చూడని ఊరిలో, నోరు తిరుగని పేరుగల దుకాణమున, ముఖమెరుగని యజమానికి, మధ్యవర్తి తన ఫోనులో చూపిన యొక్క కాగితమును నమ్మి, మామిడితోటను అమ్మి సమర్పించుకొనుచున్నాడు. రసీదు మాట యెత్తినచో “నమ్మకం లేకపోతే వేరేచోట చూసుకోండి బాబాయిగారూ” అని కన్సల్టెంటుగారు నొచ్చుకొందురు. ఆయన నొచ్చుకొన్నందుకు బాబాయిగారే క్షమాపణ వేడుకొందురు. ఎద్దునకు చేసిన పరీక్షలో పదియవవంతైన యజమానికి చేసినవారు లేరు.

ఇందు హాస్యమేమనగా, చట్టము ఈ బేరమును ఎన్నడో నిషేధించి యున్నది. తాత్కాలిక విదేశీ శ్రామికుని నియమించుకొనదలచిన యజమాని, ఆ పనికి స్వదేశీయుడు దొరకలేదని చూపి, ఎల్.ఎం.ఐ.ఏ. యను అనుమతిని సంపాదించవలయును; అందులకు ఒక్కొక్క కొలువునకు వేయి డాలర్ల రుసుము; దానిని శ్రామికుని యొద్ద రాబట్టరాదు. 2022 సెప్టెంబరులో సవరింపబడిన నిబంధనలు నియామకపు ఖర్చులను యజమాని గాని, యజమాని తరఫున మధ్యవర్తి గాని శ్రామికునిపై మోపరాదని తేటతెల్లము చేసినవి. అట్లాంటిక్ తీరమునందలి నాలుగు ప్రావిన్సులకై 2017లో ప్రయోగాత్మకముగా ఆరంభమై 2022లో స్థిరపడిన పథకమునందు ఆ ఎల్.ఎం.ఐ.ఏ. యే అక్కరలేదు. మన దేశమునందును 1983 నాటి వలసల చట్టము, విదేశీ కొలువులకు మనుష్యులను కూర్చువాడు లైసెన్సు పొందవలయునని శాసించినది. దాని నిబంధనలు అతని సేవారుసుమును ముప్పదివేల రూపాయలకును, దానిపై జి.ఎస్.టి.కిని పరిమితము చేసినవి. ఈ సంగతి కన్సల్టెంటుగారి చెవిని వేసినచో ఆయన చిరునవ్వు నవ్వి “అది రూలండీ, మనది ప్రాసెస్సు” అని సెలవిచ్చును. వ్యావహారిక సత్యము వేరు, పారమార్థిక సత్యము వేరు అని శంకరులు ఎంత శ్రమపడి బోధించిరో గాని, అమీరుపేటలో ఆ భేదము ఒక్క వాక్యమున తేలిపోయినది.

కొలువుల పేళ్లును గమనింపదగినవి. కెనడా ప్రభుత్వము వృత్తులను సున్న మొదలు అయిదు వరకు ‘టీర్’ తరగతులుగా విభజించినది. బల్ల తుడిచి కాఫీ అందించువాడు అయిదవ తరగతి. వానికి పెక్కు ద్వారములు మూతపడియుండును. ఆ తుడుచువానిని పర్యవేక్షించువాడు రెండవ తరగతి, వానికవి తెరచుకొనును. కావున నెక్కడో మంచులో మునిగిన చిన్న ఊరి దుకాణమున అందరును సూపర్‌వైజర్లే. అర్ధరాత్రివరకు ఒక బి.టెక్. పట్టభద్రుడు నేల తుడుచుచుండగా రెండవ పట్టభద్రుడు పర్యవేక్షించును. అర్ధరాత్రి దాటిన పిదప రెండవవాడు తుడుచుచుండగా మొదటివాడు పర్యవేక్షించును. ఇద్దరును రాని దినమున నేల తన్ను తానే పర్యవేక్షించుకొనును. నేల తుడుచుట నీచమని నా యభిప్రాయము కాదు. తుడిచినవానిని తుడిచినవాడనుటకు జంకు వ్యవస్థయే నవ్వు పుట్టించుచున్నది.

ఇక జీతము సంగతి. యజమాని దానిని బ్యాంకుద్వారా వేయును, లేనిచో చట్టమొప్పదు. శ్రామికుడందు కొంత నగదుగా తెచ్చి బల్లక్రింద అందించును, లేనిచో యజమాని యొప్పడు. యజమాని కట్టవలసిన పింఛను వాటాయు, పన్నును శ్రామికుని మీదనే పడును. ఓవర్‌టైము మాట యెత్తినచో “నీ ఫైలు నా చేతిలోనే ఉంది కదా, తొందరేమిటి?” యను ప్రేమపూర్వక హితవు వినవచ్చును. అతని పనిపర్మిటు ఆ యొక్క యజమాని పేరనే ముద్రింపబడి యుండుటచే, కొలువు విడిచినవాడు దేశమునే విడువవలసివచ్చునని భయపడును. ఇట్టి బాధితులు తమ యజమానిని విడిచి యెవరియొద్దనైన పనిచేసికొనుటకు వీలుగా 2019లో ప్రత్యేక పర్మిటును కల్పించి, రోగమున్నదని కెనడాయే యొప్పుకొన్నది. ఆధునిక దాస్యమును పరిశీలించు ఐక్యరాజ్యసమితి ప్రతినిధి తొమోయా ఒబోకాతా 2023లో ఆ దేశమును చూచి, తాత్కాలిక శ్రామిక పథకము దాస్యము పెరుగుటకు అనువగు నేల యగుచున్నదని మొగమాటము లేక చెప్పెను.

ఆంధ్రులకీ విద్య క్రొత్తది కాదు. పూర్వము కోరంగి మొదలగు రేవులనుండి రంగూనునకు ఓడలెక్కిన మనవారిని నడిపినవాడు మేస్త్రీ. అతడు ఓడఖర్చు ముందుగా పెట్టి, ఇంటికడ బియ్యపుగింజలకు బయానా యిచ్చి, ఆ యప్పు తీరువరకు కూలిలో కోతపెట్టెడివాడు. 1834లో మొదలై 1917లో నియామకములు నిలిచిన ఇండెంచరు, అనగా ఒప్పందపు, కూలీల పద్ధతిలోనైన ఓడచార్జీ దొరదే. వారు క్రూరులే, సందేహము లేదు. కాని పెట్టుబడి వారిది, మునిగినచో నష్టమును వారిదే. నేటి మేస్త్రీ అంత మూఢుడు కాడు. శ్రామికుని తండ్రిచేత అప్పు చేయించి, ఆ యప్పుతోనే శ్రామికుని కట్టివేసి, తన చేతికి మట్టి యంటకుండ కమీషను పుచ్చుకొనుచున్నాడు. నూరేండ్లలో మన మింత ప్రగతిని సాధించితిమి.

ఇక తన్ను నామినేటు చేయు ప్రావిన్సుపై మనవానికి గల భక్తిని వర్ణించుట ఆదిశేషునికైన తరము కాదు. నోవా స్కోషియా చలిగాలియు, న్యూ బ్రన్స్‌విక్ ఆలుగడ్డ పొలములును, సస్కాచెవాన్ మైదానములును తన ప్రాణములనియు, అచ్చటనే స్థిరపడి ఆ నేలలో కలసిపోవుదుననియు వ్రాసి సంతకము చేయును. పి.ఆర్. కార్డు చేతబడిన వారమునకే ఆ ప్రాణములు వేరొక ప్రావిన్సులోని టొరంటో బ్రాంప్టనులకు తరలిపోవును. కార్డు పొందినవాడు ఏ ప్రావిన్సునకైన పోవచ్చునని 1982 నాటి హక్కుల శాసనమే చెప్పుచున్నది, పోవుట తప్పుకాదు. కాని ఉండు తలంపు మొదటనే లేదని తేలినచో, అది అసత్యకథనముగా నెంచబడి, అయిదేండ్లు గుమ్మము మూతపడవచ్చును. ఈ పలాయనమును మనవాడు ఎరుగును, ప్రావిన్సు ఎరుగును, యజమాని ఎరుగును. ఎరుగనట్లు నటించుటలో ముగ్గురును సమానులే.

ఇన్ని నటనలకు పిదపనైన ఫలము స్థిరమా యనగా నదియు లేదు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండు 2024 ఫిబ్రవరిలో, ముఖ్యముగా అమ్మకముల, సేవల రంగములనుండి ఎంచుకొను విదేశీయుల సంఖ్యను నాలుగవవంతు తగ్గించెదనని ప్రకటించెను. దానికి నిరసనగా మే మాసమున భారతీయ యువకులనేకులు ఆ ప్రావిన్సులోని షార్లట్‌టౌనులో నిరాహారదీక్షకు కూర్చుండిరి. 2025లో ప్రావిన్సుల నామినేషన్లద్వారా 1,20,000 మందిని చేర్చుకొందుమన్న కేంద్రము 2024 అక్టోబరులో ఆ సంఖ్యను 55,000కు దించెను. పాయింట్లను బట్టి కేంద్రము పి.ఆర్.కు ఎంచుకొను ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ఎల్.ఎం.ఐ.ఏ. కొలువునకు నిచ్చుచుండిన అదనపు పాయింట్లు, వాటి అమ్మకము మితిమీరినదన్న కారణమున, 2025 మార్చి 25న రద్దాయెను. అనగా యజమాని తనది కాని వస్తువును అమ్మెను. రైతు అమ్మువానిది కాని వస్తువును కొనెను. ఆ వస్తువునకు స్వామియైన ప్రభుత్వము, తాళపుచెవిని దుకాణదారుని చేతికి తానే యిచ్చి, దొంగబేరము జరిగినదని ఆశ్చర్యపడెను.

నిజమైన కొలువులు లేకపోలేదు. నర్సులను, లారీ డ్రైవర్లను, వడ్రంగులను అవసరముకొలది పిలిచి, రుసుము తామే కట్టి, జీతము సక్రమముగా నిచ్చు యజమానులు కలరు. వారి వలన బాగుపడిన కుటుంబములును కలవు. కాని అట్టి యజమానికి మన తోటతో పనిలేదు, మన పనితోనే పని.

ఈ వ్యవస్థను మాన్పుట నా తరము కాదు గావున, న్యాయముగా నడుపుటకొక యుపాయము విన్నవించెదను. కుమారుని జీతమును తండ్రియే భరించుచున్నప్పుడు అసలు యజమాని తండ్రి. కెనడా దుకాణదారుడు ఆయన యొద్ద కొలువునకు వచ్చిన అభ్యర్థి. కావున అభ్యర్థి తన పన్నుపత్రములను, పోలీసు సర్టిఫికెట్టును, తన యొద్ద పనిచేసి పి.ఆర్. పొందినవారి జాబితాను, వారు విడిచిపోయిన కారణములను వెంటగొని గంపలగూడెము పంచాయతీ కార్యాలయమునకు ఇంటర్వ్యూకు రావలయును. అతని తెలుగుభాషా పరిజ్ఞానమును, వినికిడి, చదువు, వ్రాత, మాట యను నాలుగు విభాగములలో పరీక్షింపవలయును. అతడు రాలేనన్నచో, ఎల్.ఎం.ఐ.ఏ. పొందిన యజమానుల పట్టికను, నియమములుల్లంఘించి జరిమానా పడినవారి పట్టికను, లైసెన్సుగల కన్సల్టెంట్ల పట్టికను ఆ దేశమే ఇంటర్నెట్టులో నుంచినది; ఇంటర్మీడియెట్ చదువు మనుమరాలు కూడ వానిని అరగంటలో చూచి చెప్పగలదు. ఇంటర్వ్యూలో ప్రశ్నలెన్ని యున్నను మొదటిది మాత్రము, “అయ్యా, మా పిల్లవానికి కొలువిచ్చుటకు మేమెంత ఇయ్యవలె?” అని యుండవలయును. సున్న తప్ప వేరే యంకె చెప్పిన యజమాని ఆ ప్రశ్నకే తప్పినట్లు లెక్క. తక్కిన ప్రశ్నలు అడుగనక్కరలేదు.