కొరికితే పన్ను విరుగుతుంది

నన్ను చూసి మీకు నోరూరితే ఆ తప్పు నాది కాదు. అచ్చం పొద్దుతిరుగుడు గింజలాగే ఉంటాను. అదే కోల మొహం, అవే బూడిదరంగు చారలు. లోపల పప్పు మాత్రం లేదు, ఆసాంతం పింగాణీయే.

నా పుట్టిల్లు చైనాలోని జింగ్‌డెజెన్. మింగ్, చింగ్ చక్రవర్తుల దర్బారులకు పింగాణీ పంపిన ఊరు. కొండ తవ్వి తెచ్చిన రాయిని పొడిచేసి, మట్టిగా మార్చి, అచ్చులో పెట్టి తీసి, 1300 డిగ్రీల బట్టీలో కాల్చారు. బయటికొచ్చేసరికి ఒట్టి తెల్లగా ఉన్నాను. అప్పుడు ఒకావిడ నన్ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కుంచె ముంచి, ఈ పక్క నాలుగు గీతలు గీసి, తిప్పి ఆ పక్క నాలుగు గీసింది. అందులో ఒక గీత చివర కాస్త వంకరపోయింది. పక్కనున్నామె ఏదో అంటే నవ్విందిలెండి. తర్వాత మళ్లీ బట్టీ.

అలా 1600 మంది రెండున్నరేళ్లు పనిచేస్తే మేం పది కోట్లమంది తయారయ్యాం. పని చెప్పింది అయ్ వేవే అనే కళాకారుడు. పేరు ఆయనది, గీత ఆవిడది. ఆవిడ పేరు ఏ గోడమీదా రాయలేదు. ఇది నాకెప్పుడూ కొరుకుడుపడదు.

అన్ని గింజలుండగా పొద్దుతిరుగుడే ఎందుకంటే, చైనా సాంస్కృతిక విప్లవం రోజుల పోస్టర్లలో దేశాధినేత మావో సూర్యుడు, జనం ఆయనవైపు తిరిగే పొద్దుతిరుగుడు పూలు. తిండికి కటకటగా ఉన్న ఆ రోజుల్లోనే, జేబులో గుప్పెడు గింజలుంటే స్నేహితులు పంచుకు తినేవారు. పువ్వేమో పైవాడికి, గింజేమో పక్కవాడికి.

2010 అక్టోబరులో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియం చేరాం. అక్కడి టర్బైన్ హాల్లో 150 టన్నుల మమ్మల్ని నేలంతా పరిచారు. జనం మామీద నడిచారు, పడుకున్నారు, పిల్లలు దోసిళ్లతో ఎగరేశారు. మా చప్పుడు మాకే ముచ్చటేసింది. కానీ అంతమంది తొక్కితే పింగాణీ దుమ్ము రేగదూ? అది ఊపిరితిత్తులకు మంచిది కాదని కొద్దిరోజులకే నడక ఆపేశారు. తొక్కించుకోవడానికని వచ్చి, దూరంనుంచి చూపించుకోవడంతో సరిపెట్టుకున్నాం.

2011 ఫిబ్రవరిలో మాలాంటి గింజలే వంద కిలోలు సోథెబీస్ వేలంలో దాదాపు మూడున్నర లక్షల పౌండ్లకు పోయాయి. కందిపప్పు తూచినట్టు కళను కిలోల్లెక్కన తూచారన్నమాట. అదే ఏడాది ఏప్రిల్ 3న బీజింగ్ విమానాశ్రయంలో అయ్ వేవేని పట్టుకెళ్లి 81 రోజులు నిర్బంధించారు. మేమప్పటికింకా లండన్‌లో, ఆయన పేరుతోనే, నేలమీద పరుచుకుని ఉన్నాం.

2012లో టేట్ మాలో పది టన్నులు, అంటే దాదాపు 80 లక్షల గింజలు కొనుక్కుంది. అందులో నేనొకణ్ణి. ఇప్పటికీ చూసేవాళ్లకు ఒకటే అనుమానం, ఇవి చేత్తో చేసినవా, మెషీన్‌లో పోసినవా అని. చెప్పినా నమ్మనివాళ్లను రెండు గింజలు పక్కపక్కన పెట్టి చూడమనండి. నా గీత చివర్లో వంకర. నా పక్కవాడికి మధ్యలో గీతే తెగింది, కుంచెలో రంగైపోయి.