షామియానా పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
మేకు దిగని చోట మెరయు సిమెంటుపై
తాడు కట్టవలయు దయను వేడి
పొరుగువాని గేటు పుణ్యమే స్తంభమౌ
గాలి వచ్చు వఱకు గలదు నీడ

అవతారిక: పెళ్ళివారి వీధిలో షామియానా సామాను ఆటోలోంచి దిగింది. కుర్రాడు మేకు నిలబెట్టి సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బకు మేకు తల చదునైంది. "గట్టిగా వెయ్యవోయ్" అన్నారు ఇంటాయన. రెండో దెబ్బకు నిప్పురవ్వ లేచింది, మేకు నడుము వంచింది. అప్పుడు మేస్త్రీ ఆయనకు చేసిన హితోపదేశం ఇది.

ప్రతిపదార్థం: మేకు = కొసదేరిన ఇనుప కడ్డీ; దిగని చోట = ఎంత కొట్టినా లోపలికి పోని తావున; మెరయు = కొత్తగా వేసిన ("బిల్లు ఇంకా రాని" అని కాంట్రాక్టర్ల పాఠం); సిమెంటుపై = సీసీ రోడ్డు మీద; దయను వేడి = "అన్నయ్యగారూ, రేపు భోజనాలయ్యేదాకానే" అని బతిమాలి; తాడు కట్టవలయు = నైలాను తాడు బిగించాలి; పొరుగువాని గేటు = ఎదురింటివారి ఇనుప గేటు; పుణ్యమే = వారి పుణ్యం వల్లనే; స్తంభమౌ = రాట అవుతుంది; గాలి వచ్చు వఱకు = ఈదురుగాలి లేచేదాకా; నీడ కలదు = నీడ ఉంటుంది.

తాత్పర్యం: సీసీ రోడ్డు మీద షామియానా నేలను కాక, ఇరుగుపొరుగును పట్టుకుని నిలుస్తుంది.

విశేషాలు: 'మెరయు' అనడంలో మేస్త్రీ బాధ కనిపిస్తుంది. మట్టివీధి కాలంలో ముందురోజు రాత్రి రెండు బిందెల నీళ్ళు పోస్తే చాలు, తెల్లారేసరికి గునపానికి దారి దొరికేది. మే నెలలో రాయిలా బిగుసుకున్న నల్లరేగడి కూడా నీళ్ళకు లొంగుతుంది. సీసీ లొంగదు. వేసిన కొత్తలో నీళ్ళు పెట్టేదే గట్టిపడాలని. డ్రిల్లుతో రంధ్రం చెయ్యరాదా అని ఆక్షేపం. చెయ్యవచ్చు, కాని రోడ్డు పంచాయతీది. పెళ్ళి మర్నాడు పందిరి పోతుంది, రంధ్రం ఉంటుంది.

'దయను వేడి' అన్న మాట దగ్గర ఆగాలి. మురుగుకాలవ గొడవలో మాటలు మానేసిన ఇల్లే సరిగ్గా షామియానా మూలకు వస్తుంది. ఆ ఇంటికి శుభలేఖ అప్పటికప్పుడు, పేరు మీద సిరా ఆరకముందే వెళ్తుంది. ఆయన గేటుకు ముడి పడ్డాక రెండు రోజులు ఆయన స్కూటరు బయటికి రాదు. దీన్నిబట్టి పద్యంలోని 'పుణ్యం' కట్టినవాడిది కాదనీ, కట్టించుకున్నవాడిదనీ తేలుతోంది.

గేటు దొరకని మూలకు పెయింటు డబ్బా గతి. 20 లీటర్ల డబ్బాలో ఇసుక నింపి నడిమిన పైపు నాటుతారు. బరువు 30 కిలోలకు కాస్త పైన. పెళ్ళి పందిరికి ముహూర్తపు రాట సంగతీ ఇంతే. నవధాన్యాలు వేసి, పాలు పోసి, మామిడాకులు కట్టి నేలలో పాతవలసిన రాటకు ఇప్పుడు ఈ డబ్బాయే భూమాత. పురోహితుడు దాని చుట్టూ పసుపు రాసి కుంకుమ పెడతాడు. పసుపు కింద పెయింటు కంపెనీ పేరు కనబడుతూనే ఉంటుంది. ఇందులో దోషమేమీ లేదని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. మట్టి ఉన్నంత మేర అదీ భూమే.

'గాలి వచ్చు వఱకు' అన్నది వైరాగ్యం కాదు, లెక్క. గంటకు 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరుకు సుమారు 6 కిలోల ఒత్తిడి. 15 అడుగుల చదరపు గుడ్డ 21 చదరపు మీటర్లు. అంటే 125 కిలోల పైమాట. నాలుగు డబ్బాల బరువూ కలిపితే ఇంచుమించు అంతే. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. గాలి తర్వాత వాన. ఒక్క సెంటీమీటరు కురిస్తే ఆ గుడ్డ మీద పడేది 210 లీటర్లు. గుడ్డ వదులైతే నీరు నడిమిన చేరి బొజ్జలా వేలాడుతుంది. కుర్రాడు కర్రతో కింద నుంచి పొడుస్తాడు. నీళ్ళు ఎటు పోతాయో వాడికి తెలియదు, వియ్యంకుడి పట్టుపంచెకు తెలుస్తుంది. అందుకే మేస్త్రీలు నడిమి గుంజ ఎత్తుగా నిలిపి, అంచు తాళ్ళను గుంజకు దగ్గరగా కాక దూరంగా ఏటవాలుగా లాగుతారు. నిలువుగా కట్టిన తాడు గుంజ పక్కకు ఒరగకుండా ఆపలేదు.

ఛందస్సు ఆటవెలది. నాలుగు పాదాలకూ యతి చెల్లింది. రసం మొదట హాస్యం, గాలి లేచాక భయానకం, అడ్వాన్సు తిరిగి అడిగినప్పుడు కరుణం.

పాఠకులకు విన్నపం: టెంటుహౌసుకు ఫోను చేసినప్పుడు "మాది సీసీ రోడ్డు" అని ముందే చెప్పండి. చెప్పకపోతే మేకులూ సమ్మెటా తెస్తారు, డబ్బాలు తేరు.